ఆర్‌సీ కారు గేర్ డిఫ్ ఎందుకు కారుతుంది: ఓ-రింగు మార్చే ముందు చూడాల్సినవి

సంక్షిప్తంగా: రిమోట్ కంట్రోల్ రేసింగ్ కార్లలో గేర్ డిఫరెన్షియల్ (పిట్ భాషలో డిఫ్) అంటే రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె. దాని నుంచి ఆయిల్ కారుతుంటే చాలామంది మొదట ఓ-రింగు, అంటే ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు మారుస్తారు. అసలు తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు, ఆయిల్‌ను అంచు దాకా నింపడంలో ఉంటుంది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. లోపల గాలికి చోటు లేకపోతే ఒత్తిడి పెరిగి ఎంత మంచి సీలునైనా దాటుతుంది. దాని తర్వాత అనుమానించాల్సినవి మూడు: చదునుగా లేని కేసు అంచు, గాడి పడ్డ ఇరుసు, పనికిరాని రకం రబ్బరు.

కారితే పోయేది ఆయిల్ ఒక్కటే కాదు

డిఫ్ కేసులో రెండు పెద్ద బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్ళున్నవి) ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఔట్‌డ్రైవ్‌కు, అంటే కేసు నుంచి బయటికొచ్చి చక్రాన్ని తిప్పే ఇరుసుకు కలిసి ఉంటుంది. వాటి మధ్య క్రాస్ పిన్నుల మీద రెండు నుంచి నాలుగు చిన్న శాటిలైట్ గేర్లు తిరుగుతాయి. ఇవన్నీ సిలికాన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడాకు గేర్లు లోపల కదిలినప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి, గోడల పక్క నుంచి ఆయిల్ నలుగుతూ పోవాలి. ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అంత అడ్డు. పిట్‌లో (రేసు దగ్గర కార్లు సిద్ధం చేసుకునే చోట) 'ఐదు వేలు వేశాను, ఏడు వేలు వేశాను' అనుకునేది ఈ చిక్కదనం గురించే. సెంటీస్టోక్స్‌లో కొలిచే అంకె అది.

ఆ అంకె డిఫ్ ప్రవర్తనలో సగమే. మిగతా సగం లోపల ఎంత ఆయిల్ మిగిలి ఉందన్నది. 7,000 ఆయిల్ నింపిన డిఫ్‌లోంచి మూడో వంతు కారిపోతే గేర్లు ఆయిల్‌ను, గాలిని కలిపి చిలుకుతాయి. చేతికి తగిలే అడ్డు సీసా మీది అంకెతో ఇక పొసగదు. ఫోర్‌వీల్ కారులో ముందు డిఫ్ ఇలా వదులైతే మలుపులోకి కారు చురుగ్గా తిరుగుతుంది కానీ, మలుపు దాటి థ్రాటిల్ ఇవ్వగానే ముందు చక్రాల లాగుడు తగ్గుతుంది. వెనక డిఫ్ వదులైతే బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే తిరిగిపోతుంది. ముందు, వెనక చక్రాల జతలకు శక్తిని పంచే సెంటర్ డిఫ్ వదులైతే ముందు చక్రాలు గాల్లో గిర్రున తిరిగి, కారు ముందుకు దూకాల్సిన చోట శక్తి వృథా అవుతుంది. డ్రైవర్ మాత్రం స్ప్రింగులు మార్చి చూస్తాడు, టైర్లు మార్చి చూస్తాడు. సెటప్ మారకుండా కారు మారుతుంటే మొదట చూడాల్సింది డిఫ్ బయటి తడి.

కారిన ఆయిల్ చేసే నష్టం వేరే ఉంది. 1/8 స్కేల్ నైట్రో బగ్గీలో (అసలు కారులో ఎనిమిదో వంతు సైజు, ఇంధనంతో నడిచే మట్టి ట్రాకు కారు) బ్రేక్ డిస్కులు సెంటర్ డిఫ్ పక్కనే ఉంటాయి, వాటికి సిలికాన్ తగిలితే బ్రేకు పట్టు పోతుంది. రిమ్ముకు సన్నటి పొర అంటినా టైరు అంటించే జిగురు పట్టదు. బాడీ షెల్ లోపలికి చేరితే వేసిన రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

బాల్ డిఫ్ తగ్గి ఆయిల్ డిఫ్ ఎందుకు వచ్చింది

1980ల ఆరంభంలో బ్రిటన్‌కు చెందిన సెసిల్ షూమాకర్ రూపొందించిన బాల్ డిఫ్‌లో ఆయిల్ గొడవ లేదు. రెండు రింగుల మధ్య చిన్న బాల్స్‌ను స్ప్రింగుతో బిగించి పట్టుకోవడమే దాని సూత్రం. బిగువు స్క్రూ తిప్పితే సర్దుబాటు అయిపోతుంది. బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాక టార్కు పెరిగింది. రింగుల మీద బాల్స్ జారడం, గాట్లు పడటం, రెండు మూడు రేసులకే గరుకెక్కడం మామూలైంది. 2010 ప్రాంతంలో 1/10 టూరింగ్ కార్లలో (చదునైన రోడ్డు ట్రాకు మీద నడిచేవి) గేర్ డిఫ్ మళ్ళీ పుంజుకుంది. 1/8 బగ్గీలు ముందునుంచీ దాన్నే వాడుతున్నాయి.

రెండింటి పనితీరులో అసలు తేడా ఒకటుంది. బాల్ డిఫ్ అడ్డు దాదాపు ఒకే తీరున ఉంటుంది. ఆయిల్ డిఫ్‌లో చక్రాల వేగాల తేడా పెరిగిన కొద్దీ అడ్డూ పెరుగుతుంది. రేసుకు ఇది మేలు. దానికి బదులుగా, తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ నిలిచేలా చూసే పని మెకానిక్ మీద పడింది.

అంచు దాకా నింపితే లోపల జరిగేది

సిలికాన్ ఆయిల్ ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.095 శాతం వ్యాకోచిస్తుంది. చిన్న అంకెలా ఉంటుంది కానీ 25 డిగ్రీల గదిలో కట్టిన డిఫ్ రేసులో 75 డిగ్రీలకు చేరిందనుకుంటే, ఆ 50 డిగ్రీల తేడాకు ఆయిల్ పరిమాణం 4.75 శాతం పెరుగుతుంది. ద్రవాన్ని నొక్కి కుదించలేం. నొక్కుడుపడేది లోపల మిగిలిన గాలి ఒక్కటే.

లోపలి చోటులో 20 శాతం గాలికి వదిలితే, ఆయిల్ వ్యాకోచించాక గాలి చోటు 16 శాతానికి కుంచించుకుపోతుంది. గాలి కూడా వేడెక్కుతుంది కాబట్టి ఒత్తిడి మొదటి దానికి ఒకటిన్నర రెట్లలోపే ఉంటుంది. 10 శాతం వదిలితే గాలి చోటు 6 శాతం కన్నా తక్కువకు పడి ఒత్తిడి రెట్టింపవుతుంది. 5 శాతమే వదిలితే వ్యాకోచించిన ఆయిల్ ఆ చోటునంతా దాదాపు మింగేస్తుంది, లెక్క ప్రకారం ఒత్తిడి పదింతలు దాటుతుంది. ప్లాస్టిక్ కేసు కూడా కొంత సాగుతుంది కనుక అసలు అంకెలు కొంత తక్కువే ఉంటాయి. తీరు మాత్రం ఇదే: 20 నుంచి 10కి వస్తే పెద్ద ముప్పు లేదు, 10 నుంచి 5కి వస్తే ఏ ఓ-రింగూ ఆపలేదు.

ఇరుసు చుట్టూ ఉండే చిన్న ఓ-రింగు పని ఆయిల్ చెమర్చకుండా చూడటం వరకే. పంపులో మాదిరి ఒత్తిడిని కాయడానికి దాన్ని పెట్టలేదు. కొత్త రింగులు వేసినా మొదటి రేసుకే మళ్ళీ తడి కనిపించిందంటే, రింగు నాణ్యతను తిట్టేముందు నింపిన కొలతను అనుమానించాలి. ఒక గుర్తు కూడా ఉంది. నిండుగా నింపిన డిఫ్ మొదటి రేసులో కారి, మిగులు పోయాక తనంతట తాను ఆగిపోతుంది. ఆగకుండా కారుతూనే ఉంటే తప్పు సీలులోనో, ఇరుసులోనో, అంచులోనో ఉన్నట్టు.

తెలుగు రాష్ట్రాల ఎండాకాలంలో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర కట్టిన డిఫ్‌ను 42 డిగ్రీల మధ్యాహ్నం ట్రాకు మీద పెడితే, కారు కదలకముందే 18 డిగ్రీల వ్యాకోచం అయిపోయి ఉంటుంది. మే నెలలో కట్టేవాళ్ళు గాలి చోటు 20 శాతం కన్నా తగ్గించకపోవడం మంచిది.

చిక్కటి ఆయిల్ లీకుకు మందు కాదు

కారుతోంది కదా అని 5,000 తీసి 10,000 వేయడం తరచూ కనిపించే పొరపాటు. చిక్కటి ఆయిల్ కూడా అంతే వ్యాకోచిస్తుంది. ఒత్తిడి అదే, బయటకు రావడం మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. మధ్యలో కారు సెటప్ మారిపోతుంది.

సీసా మీది అంకె సాధారణంగా 25 డిగ్రీల దగ్గరిది. 38 డిగ్రీల నుంచి 99 డిగ్రీలకు వెళ్ళేసరికి సిలికాన్ ఆయిల్ చిక్కదనం దాదాపు 60 శాతం పడిపోతుంది. మామూలు మినరల్ ఆయిల్ ఇంతకన్నా ఎక్కువ పలచబడుతుంది, అందుకే ఈ పనికి సిలికాన్‌ను ఎంచుకున్నారు. పొడవైన రేసులో చివరి నిమిషాల్లో కారు తేలికపడినట్టు అనిపించడానికి లీకే కారణం కానక్కర్లేదు, వేడి కూడా కావచ్చు. ఏది నిజమో తూకం చెబుతుంది. ఆ పద్ధతి కింద ఉంది.

తడి ఎక్కడుందో చూస్తే సగం తెలిసినట్టే

డిఫ్‌ను బయటికి తీసి బయటంతా పొడిగా తుడిచి, ఒక ఔట్‌డ్రైవ్ కిందికి ఉండేలా తెల్ల టిష్యూ కాగితం మీద రాత్రంతా నిలబెట్టాలి. మర్నాడు తిప్పి రెండో వైపు. ఔట్‌డ్రైవ్ చుట్టూ ఉంగరంలా మరక పడితే ఓ-రింగు, ఇరుసు లేదా నింపిన కొలత. కేసు, మూత కలిసే గీత వెంట తడి ఉంటే అంచు చదును, గాస్కెట్ (ఆ రెండింటి మధ్య పెట్టే పలచటి పొర) లేదా స్క్రూల బిగువు. స్క్రూ తల చుట్టూ మాత్రమే తడిస్తే గాస్కెట్ ఆ రంధ్రం పక్కన చిరిగిందనుకోవాలి. ఆయిల్ ఆ స్క్రూ మర వెంట పాకి బయటికొస్తుంది.

మోసం చేసే తడి కూడా ఉంటుంది. కట్టేటప్పుడు అంచుకు అంటిన ఆయిల్, రింగు ముందు మిగిలిన గ్రీజు మొదటి పరుగులో బయటికొస్తాయి. డిఫ్ బరువు తగ్గకుండా ఇంతే కనిపిస్తే అది లీకు కిందికి రాదు.

ఇరుసు మీద గాడి, రంధ్రం అంచున కత్తి

ఔట్‌డ్రైవ్ ఇరుసును వెలుతురులో పెట్టి నెమ్మదిగా తిప్పితే, ఓ-రింగు కూర్చునే చోట సన్నటి మెరిసే పట్టీ కనిపిస్తుంది. దాని మీద వేలిగోరు అడ్డంగా లాగాలి. గోరు తట్టుకోకపోతే 2000 నంబరు వాటర్ పేపర్‌కు చుక్క ఆయిల్ వేసి ఇరుసు చుట్టూ తిప్పుతూ మెరుగు పెడితే చాలు. పొడవునా రుద్దితే కొత్త గీతలు పడి ఆయిల్‌కు దారి ఏర్పడుతుంది. గోరు గాడిలో తట్టుకుంటే ఆ ఔట్‌డ్రైవ్‌కు కాలం చెల్లినట్టే. గాడిలో తిరిగే కొత్త రింగు వారం తిరక్కుండా పాతబడుతుంది.

గాడికి మూలం చాలావరకు లోపలి ఆయిలే. ఉక్కు గేర్లు అరిగి రాలే పొడి ఆయిల్‌ను బూడిద రంగుకు తిప్పుతుంది. ఆ పొడి ఓ-రింగు రబ్బరులో గుచ్చుకుని ఇరుసును సానరాయిలా అరగదీస్తుంది. బూడిద రంగు ఆయిల్ ఎంత తాజాగా అనిపించినా పారబోయడమే మేలు.

ఎవరూ అంతగా పట్టించుకోని చోటు ఇంకొకటుంది. గేరును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న పిన్ను కోసం ఇరుసుకు అడ్డంగా రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం అంచు కత్తిలా ఉంటే, ఇరుసును లోపలికి తోసేటప్పుడు ఓ-రింగు దాని మీదుగా జారి సన్నగా తెగుతుంది. తెగిన ముక్క కంటికి కనపడదు. రింగు కొత్తదే, డిఫ్ మాత్రం మొదటి రోజు నుంచే కారుతుంది. రంధ్రం అంచులను సన్న ఆకురాయితో ఒకసారి మొద్దు చేస్తే ఆ ఇరుసు ఉన్నంత కాలం ఈ బాధ ఉండదు. తోసేటప్పుడు గ్రీజు రాసి, తిప్పుతూ లోపలికి పంపాలి.

రబ్బరు రకం ముఖ్యం. సిలికాన్ రబ్బరు రింగు సిలికాన్ ఆయిల్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన రింగు ఇరుసును బిగబట్టి డిఫ్‌ను గట్టిపరుస్తుంది, మెత్తబడి త్వరగా చిరుగుతుంది. నల్లటి నైట్రైల్ రింగు ఈ పనికి సరైనది. వైటన్ అనే రబ్బరు రకం ఇంకా మన్నుతుంది, ధర ఎక్కువ. నాలుగు పెదవులుండే ఎక్స్-రింగు ఒరిపిడి తక్కువతో బాగా పట్టుకుంటుంది, కానీ గాడిలో మెలిక పడకుండా కూర్చోబెట్టాలి. లావు రింగు దూర్చి లీకు ఆపడం మాత్రం మంచి మార్గం కాదు. ఒరిపిడి పెరిగి, చక్రాలు స్వేచ్ఛగా తిరగాల్సిన చోట డిఫ్ పట్టేస్తుంది. తిరిగే ఇరుసు దగ్గర రింగు మందంలో పదో వంతుకు కాస్త పైన నొక్కుడు పడితే చాలు.

ఔట్‌డ్రైవ్‌ను అటూ ఇటూ కదిపి చూడటం కూడా అవసరం. డిఫ్ బేరింగులు అరిగితే ఇరుసు పక్కకు ఊగుతుంది, రింగు ఒక వైపు నలిగి మరో వైపు వదులవుతుంది. డ్రైవ్ షాఫ్ట్ పొడవు ఎక్కువై సస్పెన్షన్ పూర్తిగా నొక్కినప్పుడు ఔట్‌డ్రైవ్ అడుగును గుద్దుతున్నా ఇదే గతి. ఆ కారులో ఎన్ని రింగులు మార్చినా ఫలితం ఉండదు.

కేసు అంచు, గాస్కెట్, స్క్రూలు

ప్లాస్టిక్ కేసు అచ్చు నుంచి వచ్చినప్పుడే కాస్త వంపు తిరిగి ఉండొచ్చు, అంచున అచ్చు మిగులు ఉండొచ్చు. మందపాటి గాజు పలక మీద 1000 నంబరు వాటర్ పేపర్ పరచి, తడిపి, కేసు అంచును దాని మీద ఎనిమిది అంకె గీసినట్టు నాలుగైదు సార్లు తిప్పి చూడాలి. అంచంతా ఒకేలా మసకబారితే చదునుగా ఉన్నట్టు. మెరుపు మిగిలిన చోటు పల్లం. మెరుపు పోయేదాకా రుద్ది ఆపాలి. ఎక్కువ రుద్దితే కేసు లోతు తగ్గి లోపల గేర్లు బిగుసుకుంటాయి. అప్పుడు పెద్ద గేరు వెనక ఉండే షిమ్ (పలచటి వాషరు) మందం తగ్గించుకోవాలి.

1/8 బగ్గీలో పెద్ద రింగు గేరే కేసుకు మూత. దాన్ని తిప్పే చిన్న గేరు, అంటే పినియన్, తోసినప్పుడల్లా మూతను ఎత్తిపెట్టే బలం పడుతుంది. అందుకే ఈ కార్లలో అతుకు గీత వెంట లీకు ఎక్కువ. కాగితపు గాస్కెట్‌ను రెండోసారి వాడకూడదు. పొడి గాస్కెట్ వత్తిలా ఆయిల్‌ను పీలుస్తుంది, కాబట్టి రెండు వైపులా పలచగా గ్రీజు రాసి పెట్టాలి. గాస్కెట్ బదులు సిలికాన్ సీలెంట్ పూసేవాళ్ళున్నారు. రింగుల సంగతే దానికీ వర్తిస్తుంది: సిలికాన్ ఆయిల్‌కు ఉబ్బి, ఊడి, ముక్కలు గేర్లలో పడతాయి.

స్క్రూలను మొదట వెనక్కి తిప్పాలి. పాత మర అంచు దగ్గరికి రాగానే చిన్న టిక్కుమనే జారుడు వేలికి తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకు బిగిస్తే పాత మరలోనే వెళ్తుంది. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని, మూడు నాలుగు సార్లకే పట్టు పోతుంది. బిగింపు ఎదురెదురు మూలలుగా, మూడు విడతల్లో సాగాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే మూత ఒరిగి గాస్కెట్ ఒక వైపే నలుగుతుంది.

కళ్ళతో కాదు, తూకంతో నింపాలి

శుభ్రం చేసేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సిలికాన్ ఆయిల్‌ను సరిగా కరిగించదు, అక్కడక్కడ జిడ్డు మిగిలిపోతుంది. వైట్ పెట్రోల్‌తో కడిగి, తర్వాత పాత్రల సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెడితే పోతుంది. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పని ఇది. ఓ-రింగులను మాత్రం అందులో నానబెట్టకూడదు.

పిన్నులు మునిగేదాకా పోయాలన్నది పిట్‌లో వాడుక. తప్పేం లేదు, కానీ కంటికి కనిపించేది సగం కేసే. మూతతో పాటు రెండో పెద్ద గేరు దిగినప్పుడు అది ఆక్రమించే చోటుకు ఆయిల్ పైకి వస్తుంది. తక్కువగా ఉందనిపించి మరో రెండు చుక్కలు వేయడం వల్లే చాలా డిఫ్‌లు కారుతున్నాయి. లోపలి చోటు 1.5 మిల్లీలీటర్లు ఉన్న డిఫ్‌లో 5 శాతం అంటే 0.075 మిల్లీలీటర్లు, సరిగ్గా ఆ ఒకటి రెండు చుక్కలే.

0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ తూకం ఉంటే ఊహ అవసరం లేదు. అన్ని భాగాలూ పొడిగా అమర్చి, గాస్కెట్, స్క్రూలతో సహా ఖాళీ బరువు రాసుకోవాలి. ఒక్కసారి మాత్రం అంచు దాకా నింపి మూత పెట్టి, పొర్లిన ఆయిల్‌ను బాగా తుడిచి తూయాలి. ఆ తేడా పూర్తి సామర్థ్యం. దానిలో 80 నుంచి 85 శాతం రేసు కొలత. 1.5 మిల్లీలీటర్ల ఉదాహరణలో, ఆయిల్ సాంద్రత 0.97 కనుక పూర్తి సామర్థ్యం 1.45 గ్రాములు, నింపాల్సింది 1.16 నుంచి 1.23 గ్రాములు. తయారీదారు మాన్యువల్ కచ్చితమైన మట్టం ఇస్తే దాన్నే పాటించి, ఆ మట్టానికి ఎంత బరువో రాసుకోవాలి.

పోయడం రెండు విడతలుగా సాగాలి. సగం పోసి గేర్లను చేత్తో తిప్పితే కింద చిక్కుకున్న గాలి బుడగలై పైకొస్తుంది. 5,000 ఆయిల్‌కు పదీ పదిహేను నిమిషాలు, లక్ష దాటిన ఆయిల్‌కు కొన్ని గంటలు పడుతుంది. బుడగలు ఉండగానే మట్టం చూసుకుంటే రెండు డిఫ్‌లు ఎప్పటికీ ఒకేలా రావు. బుడగలు పోయాక మిగతా కొలత పోసి, తూకం చూసి, మూత వేయాలి. బిగించేశాక ఔట్‌డ్రైవ్‌ను లోపలికి నెట్టకూడదు, లోపలి గాలి అనవసరంగా నొక్కుడుపడుతుంది. చివర్లో డిఫ్ బరువు కేసు మీదే మార్కర్‌తో రాసిపెడితే, తర్వాత ఎవరు చూసినా తెలుస్తుంది.

ఐదు నిమిషాలు, గంట

టూరింగ్ కారు రేసు 5 నిమిషాలు. ఆర్‌సీ కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్మార్ ప్రపంచ పోటీల్లో 1/8 నైట్రో బగ్గీ ఫైనల్ గంట. టూరింగ్ కారు డిఫ్‌కు పూర్తిగా వేడెక్కే వ్యవధే ఉండదు. అక్కడ లీకు చాలావరకు గీతలు, గాడులు, కట్టడంలో తొందర వల్ల వస్తుంది. బగ్గీలో వేడి, ఒత్తిడి, దుమ్ము, గెంతి దిగేటప్పుడు ఔట్‌డ్రైవ్‌లకు తగిలే దెబ్బలు కలిసి పనిచేస్తాయి. అందుకే ఒకరి అలవాటు మరొకరికి యథాతథంగా సరిపోదు. టూరింగ్ వాళ్ళు ఇరుసు నునుపు, కట్టడంలో కచ్చితత్వం మీద, బగ్గీ వాళ్ళు గాలి చోటు, గాస్కెట్, బేరింగుల మీద ఎక్కువ దృష్టి పెట్టడం సబబు.

ఎప్పుడు విప్పాలన్నది కూడా తూకమే చెప్పగలదు. రేసు రోజు ముగిశాక తుడిచి తూస్తే, రాసిపెట్టిన బరువు కన్నా ఒకటి రెండు పాయింట్లు, అంటే 0.02 గ్రాముల లోపు తేడా ఉంటే డిఫ్‌ను కదిలించకుండా వదిలేయొచ్చు. అంతకు మించి తగ్గితే విప్పాలి. పైపైన ఆయిల్ కలిపి సరిపెడితే లోపలి గేర్ల పొడి అలాగే మిగిలి ఇరుసును కోస్తూ ఉంటుంది. బరువు తగ్గకపోయినా, ఒక ఔట్‌డ్రైవ్ పట్టుకుని రెండోది తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు తగిలితే ఆయిల్ మార్చే సమయం వచ్చినట్టే. కారును అల్మరాలో పక్కకు నిలబెట్టి దాచేవాళ్ళు మాత్రం దాన్ని నేల మీద ఉన్నట్టే చదునుగా పెట్టాలి. నెలల తరబడి ఒకే ఓ-రింగు మీద ఆయిల్ బరువంతా ఉంటే, సీజన్ మొదట్లో ఆ ఒక్క వైపే తడి కనిపిస్తుంది.